ముల్లు పెడితేనే డీజేనా?

రెండు మూడు నెలలకోసారి ఒకే మెసేజ్ చుట్టూ తిరిగి నా ఫోన్‌కి వస్తుంది. సారాంశం ఇది: నిజమైన డీజే వినైల్ రికార్డుల మీదే వాయిస్తాడు. డిజిటల్ ఫైలులో సగం సంగీతం పోతుంది, మిగిలింది మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. క్లబ్బులో బేస్ దద్దరిల్లాలంటే రికార్డే ఉండాలి. పెన్‌డ్రైవ్ తెచ్చుకునేవాడు సింక్ బటన్ (రెండు పాటల లయను దానంతటదే కలిపేది) నొక్కి చేతులు ఊపుతాడు. ఈ కళ కనిపెట్టినవాళ్ళంతా రికార్డులే వాడారు. రికార్డు కొంటే కళాకారుడి కడుపు నిండుతుంది, పైగా అది వందేళ్ళు ఉంటుంది.

నేనూ డీజేనే, మా ఇంట్లో ఒక గోడ పొడవునా రికార్డులున్నాయి కాబట్టి ఇది చూసి సంతోషిస్తానని పంపుతారు. నాకేమో ఒళ్ళు మండుతుంది. (మనవైపు డీజే అంటే ఊరేగింపు ముందు లారీ మీద పేర్చిన బాక్సులు కూడా. ఇక్కడ మాట్లాడేది వాటి గురించి కాదు, చీకటి గదిలో రెండు పాటలను అతికేవాళ్ళ గురించి.)

ముందు ఆ మెట్ల సంగతి. మెసేజ్‌తో పాటు ఒక బొమ్మ వస్తుంది. నున్నటి అల రికార్డట, మెట్లు కట్టినట్టున్నది డిజిటలట. ఆ బొమ్మ వేసినవాళ్ళు పాట వినలేదు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో జూమ్ చేసి చూశారు. ఫైలులో ఉండేవి మెట్లు కావు, అల ఎత్తుని కొలిచి పెట్టిన చుక్కలు. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 చుక్కలు. 22,050 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) లోపు ఆ చుక్కలన్నిటి గుండా పోయే అల ఒక్కటంటే ఒక్కటే ఉంటుంది. అమెరికన్ గణిత శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1949లో అచ్చులోకి తెచ్చిన నిరూపణ ఇది, ఇష్టాయిష్టాలతో పనిలేదు. బడిలో మూడు చుక్కలిచ్చి వాటి గుండా వృత్తం గీయమనేవారు, గుర్తుందా? చుక్కకీ చుక్కకీ మధ్య వృత్తం ఏమైపోయిందని మనలో ఎవరూ అడగలేదు. ఇదీ అంతే. ప్లేయర్ నుంచి బయటికొచ్చే తీగను ఓసిలోస్కోప్‌కి తగిలిస్తే తెర మీద కనిపించేది నున్నటి అలే.

మరి 22 వేల పైన ఉన్నది పోయింది కదా అంటారు. పోయింది, నిజమే. రికార్డు గాడిలో అంతకంటే పైస్థాయి కూడా చెక్కవచ్చు. 1970ల్లో జేవీసీ తెచ్చిన సీడీ-4 అనే నాలుగు చానెళ్ళ రికార్డుల్లో 30 వేల హెర్ట్జ్ దగ్గర ఒక సంకేతాన్ని చెక్కేవారు కూడా. కానీ కుర్ర చెవికైనా 20 వేల దాకానే వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి స్పీకర్ల పక్కన నిలబడ్డ నాలాంటివాడికి 14 వేలు వినపడితే దేవుడి దయ. పైగా గాడిలో ముందుగా అరిగేది ఆ సన్నటి పైస్థాయే. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఉండే ఎడం చూసినా, సీడీకి దాదాపు 96 డెసిబెల్స్, మంచి రికార్డుకి 60 నుంచి 70. సగం సంగీతం పోయిందన్నవాళ్ళు ఎటునుంచి లెక్కపెట్టారో మరి.

ఇక బేస్. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మెసేజ్ తలకిందులుగా చెబుతున్నది ఇక్కడే.

బేస్ ఎంత లోతుగా ఉంటే గాడి అంత వెడల్పుగా అటూ ఇటూ ఊగాలి. ఉన్నదున్నట్టు చెక్కితే పక్క గాడిలోకి దూసుకుపోతుంది, ముల్లు ఎగిరిపడుతుంది. అందుకే రికార్డు చెక్కేటప్పుడే బేస్‌ని తగ్గిస్తారు. 1954 నుంచి స్థిరపడిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) కొలత ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ కోత, పైస్థాయిలో 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. పాటలను కలిపే మిక్సర్‌లో రికార్డు ప్లేయర్ తగిలించే ఫోనో ఇన్‌పుట్ దాన్ని తిరగేసి మళ్ళీ సరిచేస్తుంది. అలా పెంచినప్పుడు బేస్‌తో పాటు టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) మోటారు గురగుర, బల్ల వణుకు కూడా పెరుగుతాయి. అది చాలదన్నట్టు లోతైన బేస్‌ని ఎడమ కుడి అని విడదీయకుండా మధ్యలోకి కలిపేయాలి, లేకపోతే ముల్లు పైకీ కిందికీ గెంతుతుంది.

ఇంకోటి, రికార్డు అంచున 33⅓ వేగంలో గాడి ముల్లు కింద సెకనుకు అరమీటరు చొప్పున జరుగుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంతే సంగీతం సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. ఎల్పీలో ఆఖరి పాటకు తాళాల మోత ఇసుక రాలినట్టు వినిపించేది అందుకే. 12 అంగుళాల సింగిల్ (వైపుకో పాట ఉండే రికార్డు) పుట్టింది కూడా జాగా గొడవతోనే. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే రీమిక్సర్ పాటను పరీక్షగా చెక్కించుకోవడానికి వెళ్తే 7 అంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయి. పెద్ద డిస్కు మీద గాళ్ళను ఎడంగా, గట్టిగా చెక్కితే శబ్దం అదిరిపోయింది. 1976లో శాల్‌సోల్ లేబుల్ 12 అంగుళాల సింగిల్‌ని జనానికి అమ్మకానికి పెట్టింది. ఆ సింగిల్స్ క్లబ్బుల్లో అంత బాగా మోగాయంటే, రికార్డుకున్న ఇరుకుని వాళ్ళు తెలివిగా దాటారని అర్థం.

క్లబ్బులో ఇంకో పీడ ఉంది, ఫీడ్‌బ్యాక్. ముల్లు గాడి కదలికను వింటుంది, దానితో పాటే బల్ల కదలికనూ వింటుంది. ఒకసారి హైదరాబాద్‌లో మేడమీద పబ్బు ఒకదానిలో వినైల్ రాత్రి పెట్టారు. సౌండ్ చెక్‌లో అంతా బాగానే ఉంది. జనం నిండి, బేస్ పెంచేసరికి స్పీకర్ల నుంచి ఊఁ... అని ఒక మూలుగు మొదలై, పాటను మింగేసి, గోడలు వణికించింది. సబ్‌వూఫర్ నుంచి నేలలోకి, నేల నుంచి బల్లలోకి, బల్ల నుంచి ముల్లులోకి, అక్కడ్నుంచి మళ్ళీ సబ్‌వూఫర్‌లోకి. వెనక పని జరుగుతున్న చోట మిగిలిన షాబాద్ బండలు రెండు పట్టుకొచ్చి, కింద టెన్నిస్ బంతులు సగానికి కోసి పెట్టి, వాటి మీద టర్న్‌టేబుళ్ళు ఎక్కించాం. మూలుగు ఆగింది. కానీ ఆ రాత్రంతా బేస్ సగానికి దించే వాయించాను. బేస్ దద్దరిల్లాలంటే రికార్డే ఉండాలట!

అసలు తమాషా ఇంకొకటి. క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించే పయనీర్ డీజేఎం-900 నెక్సస్ 2 లాంటి మిక్సర్లు లోపల పూర్తిగా డిజిటల్. రికార్డు శబ్దం ఫోనో సాకెట్‌లో దూరిన క్షణమే అంకెలైపోతుంది. దాని తర్వాత స్పీకర్లను అదుపుచేసే ప్రాసెసర్లు కూడా దాదాపు అన్నిచోట్లా డిజిటలే. శబ్దాన్ని అంకెలుగా మార్చని పాత అనలాగ్ మిక్సర్లు పెట్టుకున్న క్లబ్బులున్నాయి, వాటికి దండం. మిగతాచోట్ల మీ చెవికి చేరే వినైల్ ఎప్పుడో చుక్కలైపోయిందే.

మరి 'రికార్డులో ఆ వెచ్చదనం చెవికి తెలుస్తుంది' అనేవాళ్ళకి 2022 నాటి సంగతి ఒకటి. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఉంది. అసలు మాస్టర్ టేపుల నుంచి తీసినవంటూ ఖరీదైన రికార్డులు అమ్ముతుంది. కొన్నవాళ్ళందరూ మొదటినుంచి చివరిదాకా అనలాగే అనుకున్నారు. 2011 నుంచే మధ్యలో ఒక డిజిటల్ కాపీ మీదుగా చెక్కుతున్నారని ఆ ఏడాది బయటపడింది. కేసులు పడ్డాయి. పదకొండేళ్ళపాటు ఖరీదైన సెట్లు, బంగారు చెవులు ఉన్నవాళ్ళలో ఎవరూ విని పట్టుకోలేకపోయారు. ఇవాళ్టి క్లబ్ సంగీతమైతే ల్యాప్‌టాప్‌లోనే పుడుతుంది. రికార్డు చెక్కే ఇంజనీరుకి వెళ్ళేది కూడా చాలావరకు కుదించని వేవ్ ఫైలే.

వినైల్ వేరేగా వినిపించదని నేననను, వినిపిస్తుంది. పైన చెప్పిన కోతలు, కలపడాలు, కాస్త గరగర, ఇవన్నీ కలిసి ఒక రంగు వస్తుంది. ఆ రంగు నాకూ ఇష్టమే. ఇష్టం అనండి చాలు, నాణ్యత అనకండి.

మెసేజ్ పంపేవాళ్ళ పక్షాన ఒక మాట. డిజిటల్‌కి చెడ్డపేరు తెచ్చింది డిజిటల్ డీజేలే. యూట్యూబ్ నుంచి దింపుకున్న పాటను నాలుగువేల వాట్ల సిస్టమ్ మీద వేస్తే చప్పగా, పైస్థాయి అంతా నీళ్ళల్లో మోగినట్టు ఉంటుంది. బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3లో 16 వేల హెర్ట్జ్ పైన సాధారణంగా ఏమీ మిగలదు. దాన్ని 320గా మార్చి సేవ్ చేస్తే పెరిగేది ఫైలు సైజే. ఏడు నిమిషాల పాట వేవ్‌లో సుమారు 70 ఎంబీ. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో అలాంటివి ఎనిమిది వందలు దాటి పడతాయి. ఇంకా పొదుపు దేనికి? ఎనభై రికార్డుల సంచి ఇరవై కిలోల దాకా తూగుతుంది, అది మోసిన నడుముని అడగండి.

సింక్ బటన్ మీద ఉన్నంత కోపం ఇంకే బటన్ మీదా లేదు. ఒక పాట నిమిషానికి 124 దెబ్బలు, ఇంకోటి 126 అనుకోండి. సరిచేయకుండా వదిలేస్తే నిమిషంలో రెండు దెబ్బల తేడా వస్తుంది, గుర్రాలు పరుగెత్తినట్టు వినపడుతుంది. ఆ తేడాను చెవితో విని, వేగం మార్చే పిచ్ ఫేడర్‌తో సరిచేయడం మంచి విద్యే. 1979 నాటి టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్‌లో ఆ ఫేడర్ అటూ ఇటూ 8 శాతం కదులుతుంది. నాకు అది పట్టుబడటానికి ఒక ఎండాకాలం పట్టింది. కానీ తాళం వేయడం వచ్చినంత మాత్రాన కచేరీ చేసినట్టు కాదు. పన్నెండున్నరకి ఫ్లోరు ఎందుకు ఖాళీ అవుతోందో, ఏ పాట వేస్తే బాత్రూం క్యూలో ఉన్నవాళ్ళు కూడా వెనక్కొస్తారో బటన్‌కి తెలియదు. ఇంకో సంగతి, మద్రాసు స్టూడియోలో లైవ్ వాద్యబృందంతో రికార్డైన 80ల ఇళయరాజా పాట మీద సింక్ నొక్కి చూడండి. మనుషులు వాయించిన లయ సాఫ్ట్‌వేర్ గీసిన గీతల్లో కూర్చోదు, కొంచెం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ గీతల గ్రిడ్ చేత్తో దిద్దుకోవాలి, లేదా వేళ్ళతో పట్టుకోవాలి. అంటే పాత విద్యే, ముల్లు లేకుండా.

'పెద్దలంతా రికార్డులే వాడారు' అన్నది వింటే పెద్దలే నవ్వుతారు. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పార్టీలు మొదలుపెట్టిన డీజే కూల్ హెర్క్ తర్వాత్తర్వాత ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, డ్రమ్స్ ముక్కను అటొకసారి ఇటొకసారి తిప్పి సాగదీశాడు. చేతిలో లూప్ బటన్ లేదు కాబట్టి. షికాగోలో హౌస్ అనే నృత్య సంగీతానికి ఆ పేరొచ్చిన వేర్‌హౌస్ క్లబ్బులో ఫ్రాంకీ నకిల్స్ పాటలను రీల్ టేపు మీద కోసి, అతికించి, సాగదీసి వాయించేవాడు. అదే ఊళ్ళో మ్యూజిక్ బాక్స్‌లో రాన్ హార్డీ కూడా టేపులు ఆడించేవాడు. డెట్రాయిట్ టెక్నో సంగీతం నుంచి వచ్చిన రిచీ హాటిన్, జాన్ అక్వావివా అయితే 2000 దశకం మొదట్లో ఒక డచ్ కంపెనీతో కలిసి ఫైనల్ స్క్రాచ్ అనే పనిముట్టుని జనంలోకి తెచ్చారు. రికార్డు మీద పాట ఉండదు, టైమ్‌కోడ్ (ముల్లు ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పే సంకేతం) మాత్రమే ఉంటుంది. చెయ్యి రికార్డు మీద, పాట కంప్యూటర్లో. ఏ తరం డీజే అయినా ఆ రోజుకి చేతికందిన మంచి పనిముట్టు పట్టుకున్నాడు. వాళ్ళ పేరు చెప్పి ఇంకొకరి పనిముట్టుని వెక్కిరించడం వాళ్ళకే చిన్నతనం.

డబ్బుల సంగతి. కొత్త రికార్డు లేబుల్ నుంచి కొంటే కళాకారుడికి మేలే, కాదనను. కానీ వినైల్ మోజులో జనం ఎక్కువగా కొట్లాడేది పాత రికార్డుల కోసం. పాత రికార్డులు అమ్ముకునే డిస్కాగ్స్ సైటులో ముప్పై ఏళ్ళనాటి సింగిల్‌కి పదివేలు పోస్తే అది అమ్మినవాడి జేబులోకి వెళ్తుంది, పాట చేసినవాడికి పైసా రాదు. అదే కళాకారులు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్‌లో ఫైలు కొంటే సైటు మామూలుగా 15 శాతం, దాని పైన పేమెంట్ చార్జీలు తీసుకుని మిగతాది కళాకారుడికి పంపుతుంది. రికార్డు తయారీ కూడా సన్నటి దారం మీద నడుస్తోంది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా బానింగ్‌లో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. గాళ్ళు చెక్కే లాకర్ డిస్కులు తయారుచేసేది అది కాక అప్పటికి ప్రపంచంలో జపాన్‌లో ఒక్కటే మిగిలింది. 2021, 2022ల్లో 300 కాపీలు వేయాలనుకున్న చిన్న లేబుల్ నెలల తరబడి పెద్ద కంపెనీల వెనక వరసలో నిలబడాల్సి వచ్చింది.

వందేళ్ళ మన్నికా? ఇంట్లో తేలికపాటి ముల్లుతో వింటే రికార్డు తరాలు దాటుతుంది. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ఒత్తిన మా తాతగారి ఘంటసాల రికార్డులు ఇప్పటికీ పాడుతున్నాయి. క్లబ్బులో మూడు నాలుగు గ్రాముల బరువుతో, పాట మొదలు వెతకడానికి వెనక్కీ ముందుకీ తిప్పిన రికార్డుకి ఆ భాగ్యం లేదు. మొదటి దెబ్బ దగ్గర గాడి తెల్లబడి సరసర అనడం మొదలెడుతుంది. 'అరిగిపోయిన రికార్డు' అనే మాట మనకి ఊరికే రాలేదు. ఫైలుకి వేరే జబ్బు ఉంది, పెన్‌డ్రైవ్ చెప్పాపెట్టకుండా చస్తుంది. అందుకే ఎవరైనా రెండు పెట్టుకుంటారు.

ఈ శనివారం నా సంచిలో ఆ రెండు పెన్‌డ్రైవ్‌లు, నాలుగు రికార్డులు ఉన్నాయి. ఆ నాలుగూ ఫైలుగా ఇంకా ఎక్కడా రాలేదు, వచ్చేదాకా మోస్తాను. షాబాద్ బండ ఆ పబ్బులోనే ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి.