సభ్యుల సొత్తుకు సర్కారు కాపలా ఎంతవరకు?

విద్యుత్ సహకార సంఘంలో కరెంటు వాడుకునేవారే సభ్యులు, వాళ్లే యజమానులు. ఛార్జీ పెరిగితే మోసేదీ సభ్యులే, మిగులు దక్కేదీ సభ్యులకే. అలాంటప్పుడు మధ్యలో ప్రభుత్వం దేనికని అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు దశాబ్దాలుగా అడుగుతున్నాయి. ప్రశ్నలో న్యాయం ఉంది. 1930ల మధ్యనాటికి అక్కడ పదిమంది రైతుల్లో తొమ్మిదిమంది ఇళ్లకు కరెంటు లేదు. గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు తీగ లాగని చోట, 1936 గ్రామీణ విద్యుదీకరణ చట్టం కింద అప్పు తెచ్చి రైతులే స్తంభాలు పాతించుకున్నారు. ఇప్పుడు అలాంటి సంఘాలు దాదాపు 900. చాలా రాష్ట్రాలు వాటి ఛార్జీల జోలికి పోవు. కెంటకీ వంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఛార్జీలను నియంత్రించే రాష్ట్ర ప్రభుత్వ కమిషన్ అనుమతి తప్పనిసరి.

అయితే యాజమాన్యం కాగితం మీద ఉంటే సరిపోతుందా? టెక్సాస్‌లోని పెడర్నేల్స్ దేశంలోకెల్లా పెద్ద విద్యుత్ సహకార సంఘం. 2007లో సభ్యులు కోర్టుకెక్కేదాకా అక్కడ బోర్డులో ఎవరుండాలో బోర్డే తేల్చేది. పేరుకు ఎన్నిక, పోటీ మాత్రం లేదు. దావా రాజీకి వచ్చాకే, 2008లో, సభ్యులకు అసలైన ఎన్నిక దక్కింది. తలుపు తీయించింది కమిషన్ కాదు, విసిగిన సభ్యులు. డెబ్బై ఏళ్ల సంఘానికి అంతకాలం పట్టడమే విచిత్రం!

అందుకే ఛార్జీల నిర్ణయం సభ్యులకే వదలాలన్నది మా అభిప్రాయం. కొన్ని వేల కరెంటు మీటర్లున్న చిన్న సంఘం కమిషన్ ముందు వాదించడానికి లాయర్లను, నిపుణులను పెట్టుకుంటే ఆ ఖర్చూ చివరికి బిల్లులోకే చేరుతుంది. మిన్నెసోటా చట్టంలో సభ్యులే ఓటు వేసి కమిషన్ పరిధిలోకి వెళ్లే వీలుంది. ఈ పద్ధతి మిగతా రాష్ట్రాలకూ పనికొస్తుంది.

ఎన్నికలు, లెక్కల విషయంలో మాత్రం ఈ ఉదారత కూడదు. మిగులును సభ్యుల పేరున జమ రాసి, ఎప్పుడు చేతికివ్వాలో బోర్డే నిర్ణయిస్తుంది. దానికి ఇరవై ఏళ్లు పట్టినా వింత కాదు. ఇంటి యజమానికి పెట్టె తాళం ఎవరి దగ్గరుందో తెలియకపోతే ఎలా? జనరల్ మేనేజర్ జీతం, డైరెక్టర్ల భత్యాలు, దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలు ఏ సభ్యుడు అడిగినా చూపాలని, సభ్యుడి బదులు ఓటు వేసే అధికారమిచ్చే ప్రాక్సీ పత్రాలు ఖాళీగా బోర్డు చేతికి పోకూడదని రాష్ట్రాలు చట్టం చేయాలి. ఉల్లంఘిస్తే ఫిర్యాదు తీసుకునే అధికారం కమిషన్‌కు ఇవ్వాలి. అది లేనిచోట సభ్యుడికి మిగిలేది పెడర్నేల్స్ దారే: సొంత సంఘం మీద సొంత దావా, రెండు వైపుల లాయర్ల ఫీజూ తన జేబులోంచే.