రీఫిల్ దొరకని పెన్ను ఎందుకు?

ఈ నెలలో ఇది మూడో పెన్ను. కడపలో బస్సెక్కి రాయచోటిలో దిగేసరికి జెల్ పెన్ను కక్కేసి చొక్కా జేబు మీద రూపాయి బిళ్లంత నీలం మరక. ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లు మావి! పైగా ఆ ఇంకు నీళ్లది, చెమట చెయ్యి తగిలితే రిజిస్టర్‌లో అంకెలన్నీ అలుక్కుపోతాయి. నూనె ఇంకుతో రాసే బాల్‌పెన్నే నయం. 0.7 మి.మీ. మొన, గట్టిగా నొక్కితే కింద కార్బన్ కాపీ కూడా పడుతుంది. కానీ ప్లాస్టిక్ క్లిప్పు వారానికే పుటుక్కుమంటుంది. స్టీలు క్లిప్పున్నది కొంటే దానికి రీఫిల్ ఉండదు. "కొత్తది తీసుకో అన్నా, పది రూపాయలే కదా" అంటాడు అంగడాయన. నా బాధ పది రూపాయల గురించి కాదు. మా నాయన ఒకే పెన్నుకు రీఫిళ్లు మార్చుకుంటూ ఏళ్ల తరబడి రాశాడు. చేతికి అలవాటైన పెన్నును నేనెందుకు పారేయాలి?