బొమ్మల పుస్తకాలన్నీ పసివాళ్లవేనా?

బొమ్మలు పెద్దవిగా, అక్షరాలు తక్కువగా కనిపిస్తే చాలు, ఆ పుస్తకం నాలుగేళ్ల పిల్లకు సరిపోతుందని కొనేస్తాం. జపాన్ చిత్రకారిణి తోషి మారుకి 1980లో వెలువరించిన ‘హిరోషిమా నో పికా’ కూడా చూడటానికి అలాంటి పుస్తకమే. 1945 ఆగస్టు 6 ఉదయం ఏడేళ్ల మీ-చాన్ అమ్మానాన్నలతో కూర్చుని చిలగడదుంపలు తింటుండగా నగరంపై అణుబాంబు పడుతుంది. గాయపడిన భర్తను వీపున మోసుకుంటూ తల్లి మంటల్లోంచి నది వైపు పరుగెడుతుంది. దారి పొడవునా కాలిన ఒంటిమీద నూలుపోగు లేని మనుషులు, రెక్కలు కాలి ఎగరలేక గెంతుతున్న వానకోయిల కనిపిస్తారు. రోజులు గడిచినా ఆ పాప పిడికిట్లో అన్నం తినే పుల్లలు (చాప్‌స్టిక్స్), బాంబు పడినప్పుడు పట్టుకున్నవి, అలాగే బిగుసుకుని ఉంటాయి.

బాంబు పడిన కొద్ది రోజులకే మారుకి, ఆమె భర్త ఇరి హిరోషిమా వెళ్లి అక్కడి పరిస్థితిని కళ్లారా చూశారు. అందుకే ఆ బొమ్మల్లో అబద్ధం లేదు. ఆంగ్లానువాదానికి 1983లో అమెరికాలో, అనువాద బాలల పుస్తకాలకిచ్చే బాచెల్డర్ పురస్కారం దక్కింది. అయినా ఈ పుస్తకాన్ని నాలుగేళ్ల పిల్ల చేతికి ఇవ్వకూడదనే నా అభిప్రాయం.

చదవడం రాని బిడ్డ కూడా బొమ్మల పుస్తకంలో సగాన్ని సొంతంగానే చదువుకుంటుంది. పెద్దవాళ్లు కఠినమైన వాక్యాన్ని మెత్తబరచి చెప్పగలరు, దాటవేయగలరు. కానీ ఆ మాట నోట రాకముందే బొమ్మ బిడ్డ కళ్లలో పడిపోయి ఉంటుంది.

అలాగని భయం ఉన్న ప్రతి పుస్తకాన్నీ పక్కన పెట్టనక్కర్లేదు. మారిస్ సెండాక్ 1963లో రాసి, బొమ్మలు వేసిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ విషయంలో మనస్తత్వవేత్త బ్రూనో బెటల్‌హైమ్ ఆ పొరపాటే చేశాడు. కథలో అల్లరి చేసిన మాక్స్‌ను తల్లి అన్నం పెట్టకుండా గదిలోకి పంపడం పసివాడి మనసుకు దెబ్బ అని, పుస్తకం చదవకుండానే 1969లో విమర్శించాడు. అందులో బొమ్మలు పేజీ పేజీకీ పెరుగుతూ, రాక్షసుల గంతుల దగ్గర అక్షరాలను పూర్తిగా మింగేస్తాయి. ఆ తర్వాత మళ్లీ కుదించుకుపోతూ పిల్లాణ్ణి తన గదికి చేరుస్తాయి, అక్కడ వేడి భోజనం ఎదురుచూస్తూ ఉంటుంది. భయపెట్టిన పుస్తకమే బిడ్డను తిరిగి ఇంటికి తెస్తుంది, నా దృష్టిలో అసలు కొలత అదే. మన ‘చందమామ’లో శంకర్ వేసిన బొమ్మ, శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడిది, తరాల తెలుగు పిల్లలు భయపడుతూనే ఇష్టంగా చూశారు, బేతాళుడు చెట్టెక్కేవాడు, రాజుకు ఏమీ అయ్యేది కాదు, వచ్చే నెల మళ్లీ కథ మొదలయ్యేది.

మీ-చాన్‌కు ఆ తిరుగుదారి లేదు. ఏళ్లు గడిచినా ఆమె ఏడేళ్ల పిల్లలాగే ఉండిపోతుంది.

ఈ కొలతకు లొంగనివీ ఉన్నాయి. వోల్ఫ్ ఎర్ల్‌బ్రుఖ్ 2007లో వెలువరించిన ‘డక్, డెత్ అండ్ ద తులిప్’లో మృత్యువు బాతుకు స్నేహితుడిలా తోడుండి, చివరికి దాని దేహాన్ని నదిలో మెల్లగా వదులుతుంది. బాతు తిరిగి రాదు. అయినా నాయనమ్మ ఈ మధ్యే పోయిన ఇంట్లో, ఆమె ఎక్కడికి వెళ్లిందని రోజూ అడిగే ఐదేళ్ల పిల్లకు ఆ పుస్తకం ఒడిలో కూర్చోబెట్టుకుని చదివి వినిపించవచ్చు. అట్టమీది వయసు అంకెకు ఆ ఇంటి సంగతి తెలియదు.

‘హిరోషిమా నో పికా’ను నిషేధించమనో, దాచేయమనో నేను అనను. దాని చోటు పదేళ్ల పిల్లల అరలో, పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నప్పుడు. ఆ వయసు పిల్లలు బొమ్మను చూసి ఊరుకోరు. బాంబు ఎవరు వేశారు, ఎందుకు వేశారు, మళ్లీ వేస్తారా అని అడుగుతారు. పుస్తకం తెరవకముందే ఆ మూడో ప్రశ్నకు ఏం చెప్పాలో పక్కనున్నవారు ఆలోచించుకుని ఉండాలి.