కమల ముందు రాగోలు మడిలో నెగ్గాలి

2025 మే 4న కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాలకూ తల్లి ఆంధ్ర విత్తనమే. డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల, బాపట్ల సాంబ మసూరి నుంచి పుట్టింది. పూసా డీఎస్‌టీ రైస్ 1కి మూలం మారుటేరు కాటన్‌దొర సన్నాలు. కత్తెర కొత్తదే గానీ బట్ట మనది. శ్రీకాకుళం, విజయనగరం రైతులు ఈ విత్తనానికి భయపడనక్కర్లేదు, తమ మడిలో పరీక్ష పెట్టమని గట్టిగా అడగాలి.

బయటి బ్యాక్టీరియా జన్యువు చొప్పించిన బీటీ పత్తితో దీన్ని కలిపి మాట్లాడటం ఇక ఆపాలి. వరి వెన్నులో సైటోకైనిన్ హార్మోను ఎక్కువుంటే గింజలు ఎక్కువ కడతాయి. దాన్ని విరగ్గొట్టే ఎంజైముకు మూలమైన జన్యువును కమలలో పనిచేయకుండా చేశారు, అంతే. 20 జన్యు అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ చోటు చూపిస్తే, కత్తెరలాంటి క్యాస్9 ప్రొటీను డీఎన్‌ఏను అక్కడ కోస్తుంది. తెగినచోట మొక్క తానే అతుక్కునేటప్పుడు అక్షరాలు తప్పి జన్యువు మూగబోతుంది. కత్తెర కోసం చొప్పించిన బయటి జన్యువు తర్వాతి తరంలో సుమారు నాలుగింట ఒక మొక్కలో ఉండదు. ఆ మొక్కనే ఏరి విత్తనం కడతారు.

దిగుబడి 19 శాతం పెరుగుతుందని హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. మన జిల్లాలకు అంతకంటే విలువైనది ఇంకోటుంది: సాంబ కంటే సుమారు 20 రోజుల ముందే కోత. వంశధార శివారు భూముల్లో చివరి తడులు అందక చేను తాలు పోయే బాధ తగ్గుతుంది. 2018 అక్టోబరులో విరుచుకుపడ్డ తిత్లీ లాంటి తుపానును ఏ రకమూ తప్పించుకోలేదు. నవంబరు చివర, డిసెంబరులో పనల మీద కురిసే వానను మాత్రం ఇది తప్పించుకోగలదు. కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే మినుముకూ, పెసరకూ నేలలో తడి మిగులుతుంది.

అయితే ఉల్లికోడు సంగతేమిటి? ఈ పురుగులో నాలుగో బయోటైప్‌కు, అంటే నాలుగో తెగకు, మన రెండు జిల్లాలే పేరుమోసిన చోటు. సాంబ మసూరి దీనికి లొంగుతుంది. ఒక్క జన్యువు కోసినంత మాత్రాన కమలకు నిరోధం రాదు. కాలువ నీరు ఆలస్యమై ఉభాలు (నాట్లు) ఆగస్టు చివరికి జారితే ఉద్ధృతి ఎక్కువ. పిలక ఉల్లికాడలా మారితే దానికి వెన్ను ఉండదు. వెన్నుకు ఎన్ని గింజలు పెరిగినా వెన్నే లేని పిలకకు ఒరిగేదేముంది? గింజ బరువుకు కాండం ఆగుతుందా, అన్ని గింజలూ పాలు పోసుకుంటాయా అన్నదీ ఇక్కడి గాలివానలోనే తేలాలి.

కత్తెర గురి తప్పితే ఎలాగని పర్యావరణ సంఘాలు అడుగుతున్నాయి. మొత్తం జన్యుక్రమం చదివి తల్లి రకంతో పోలిస్తే అది దొరికిపోతుంది. గామా కిరణాలతో గుడ్డిగా మార్చిన రకాలను దశాబ్దాలుగా తింటూనే ఉన్నాం. ప్రయోగ ఫలితాలను కేంద్రాలవారీగా బయటపెట్టమన్న వాళ్ల డిమాండు మాత్రం న్యాయమైనది.

అసలు తగువు విత్తనం ఎవరిదన్న దగ్గర. క్యాస్9 మీద విదేశీ పేటెంట్లున్నాయి. మన పొరుగున కటక్ వరి పరిశోధన సంస్థ టీఎన్‌పీబీ అనే చిన్న కత్తెరను సొంతంగా తయారుచేసింది. దాన్ని శ్రీకాకుళం దగ్గరి రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రానికి తెచ్చి, అక్కడే పుట్టిన శ్రీకాకుళం సన్నాల మీద పెట్టాలి. విజయనగరం కేంద్రానికీ అదే అవకాశమివ్వాలి. శ్రీచైతన్య, హిమ లాంటి చోడి (రాగి) రకాలు ఇచ్చింది ఆ కేంద్రమే. ప్రైవేటు కంపెనీ రాగి మీద డబ్బు పెట్టదు, ప్రభుత్వమే పెట్టాలి.

వరి తనలో తాను ఫలదీకరణ చెందే పంట. ఈ ఏడు పండిన గింజే వచ్చే ఏటి విత్తనం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు ఆ గింజను దాచుకునే, పక్క రైతుకు ఇచ్చే, బ్రాండు లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. కమల సంచి మీద రాయల్టీ ఉండదని, ఈ హక్కుకు ఏ ఒప్పందమూ అడ్డురాదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తర్వాత కనీసం రెండు ఖరీఫ్‌లు రాగోలులో, వంశధార మీది గొట్టా బ్యారేజీ కింద శివారు ఊళ్లలో, సకాలపు ఉభాల్లోనూ ఆలస్యపు ఉభాల్లోనూ, సాంబ పక్కనే నాటి ఉల్లికాడలు లెక్కపెట్టాలి. ఆ లెక్క రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించాకే మినీకిట్లు, అంటే చిన్న విత్తన సంచులు, పంచాలి.