12 కిలోమీటర్ల ఎత్తు నుంచి పిల్లను జారవిడిచే గద్ద ఎక్కడా లేదు

వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పదే పదే తిరుగుతున్న కథనం ఒకటుంది. దాని సారం ఇది: పిల్లకు ఎగరడం నేర్పవలసిన వయసు రాగానే తల్లి గద్ద దాన్ని కాళ్ళతో పట్టుకొని 12 కిలోమీటర్ల ఎత్తుకు, అంటే విమానాలు తిరిగే ఎత్తుకు, తీసుకుపోయి అక్కడ పట్టు వదిలేస్తుంది. పిల్ల కొన్ని కిలోమీటర్లు పడిపోయాక దాని రెక్కలు విచ్చుకోవడం మొదలవుతుంది. నేల ఇంకా ఏడెనిమిది వందల మీటర్ల దూరం ఉందనగా, ఇక ప్రాణం పోయినట్టే అనిపించే వేళ, తల్లి వచ్చి దాన్ని ఒడిసి పట్టుకుంటుంది. పిల్లకు ఎగరడం వచ్చేదాకా ఈ శిక్షణ రోజూ సాగుతుంది. కొన్ని రూపాల్లో దీనికి ముందు మరో అంకం కూడా ఉంటుంది: తల్లి గూట్లోని మెత్తటి పరుపు తీసేసి, ముళ్ళు పైకి తేలేలా చేసి, పిల్లను అక్కడ నిలవనీయకుండా అంచు మీది నుంచి తోసేస్తుంది. చివర తల్లిదండ్రులకు ఒక హితవు: పిల్లల్ని సుఖంగా పెంచకండి.

పిల్లల పెంపకం గురించి ఎవరి అభిప్రాయం వారిది. అయితే ఆ అభిప్రాయానికి సాక్షిగా ఒక పక్షిని బోనెక్కించినప్పుడు, ఆ పక్షి నిజంగా ఏం చేస్తుందో చూడక తప్పదు. వేటపక్షుల గూళ్ళను ఓపికగా గమనించినవారికి కనిపించేది ఈ కథనానికి దాదాపు తలకిందులు. ఎగరడం వాటికి ఎవరూ నేర్పనక్కర్లేదు; అసలు కష్టం ఎగిరిన తరవాత మొదలవుతుంది; ఆ కష్టకాలంలో తల్లిదండ్రులు చేసే పని వారాల తరబడి తిండి మోయడం.

ముందుగా ఎత్తు సంగతి. 12 కిలోమీటర్లంటే ఎవరెస్టు శిఖరం కన్నా మూడు కిలోమీటర్లు పైన. అక్కడ గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో అయిదో వంతు, చలి సున్నాకు దిగువన 50 డిగ్రీలకు పైమాట. ఇంతవరకూ నమోదైన వాటిలో అత్యంత ఎత్తున ఎగిరిన పక్షి, 1973లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ మీదుగా పోతున్న విమానం ఇంజనులో పడి చనిపోయిన ఆఫ్రికా రాబందు. ఆ ఎత్తు దాదాపు 11,300 మీటర్లు. అంటే ప్రపంచ రికార్డు కూడా ఈ కథనంలోని రోజువారీ పాఠం కన్నా కిందనే ఉండిపోయింది. పైగా గద్దలు, డేగలు చాలావరకు రెక్కలు కొట్టుకుంటూ పైకి పోవు. ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలి మీద తేలుతూ, చుట్టూ తిరుగుతూ ఎత్తెక్కుతాయి. దక్కను పీఠభూమి మీద నడివేసవి మధ్యాహ్నాల్లో కూడా ఆ గాలి కొన్ని కిలోమీటర్లు లేచేసరికి చల్లబడి ఆగిపోతుంది. 12 కిలోమీటర్ల దాకా మోసుకుపోయే మెట్లేవీ ఆకాశంలో లేవు.

రెండోది, పిల్లను మోయడం. ఈ కథ అల్లినవారు గద్దపిల్ల అనగానే కోడిపిల్లంత ప్రాణిని ఊహించుకున్నట్టున్నారు. నిజానికి గూడు విడిచే వయసు వచ్చేసరికి వేటపక్షి పిల్ల బరువు దాదాపు తల్లి బరువంత ఉంటుంది. మన ఊళ్ళ మీద తిరిగే నల్లగద్ద సుమారుగా 600 నుంచి 900 గ్రాములు తూగుతుంది. ఆరేడు వారాల దాని పిల్ల కూడా అంతే. సాధారణంగా ఏ వేటపక్షికైనా తన బరువులో సగం మోసుకుంటూ ఎగరడమే కష్టం. ఇక రాబందుల కాళ్ళయితే నేల మీద నడవడానికే తప్ప దేన్నీ బిగించి పట్టుకుపోవడానికి పనికిరావు. గద్ద గోళ్ళు చంపడానికి పుట్టిన గోళ్ళు. అందుకే గూట్లో చిన్న పిల్లల మధ్య నడిచేటప్పుడు బాల్డ్ ఈగిల్ లాంటి పెద్ద గద్దలు తమ వేళ్ళను లోపలికి ముడుచుకొని, పిడికిలి మీద నడిచినట్టుగా అడుగులు వేస్తాయి.

ఇక్కడ ఒక నిజాన్ని దాచకూడదు. బతికున్న పిల్లను గద్ద కాళ్ళతో మోసుకురావడం అసలు జరగదని కాదు. 2017లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, సిడ్నీ అనే ఊరి దగ్గర, బాల్డ్ ఈగిల్ గూట్లో రెడ్-టెయిల్డ్ హాక్ జాతి డేగ పిల్ల ఒకటి పెరుగుతూ కనిపించింది. ఎరగా తెచ్చిన పిల్ల నోరు తెరిచి తిండి అడిగేసరికి ఆ జంట దానికి కూడా పెట్టి పెంచి ఉంటుందన్నది పరిశీలకులు ఇచ్చిన ప్రధానమైన వివరణ. తెచ్చింది మరో జాతి పిల్లను, అదీ కూరకు. ఎగరడం నేర్పడానికి కాదు. పక్షిరాజు తన పిల్లల్ని రెక్కల మీద మోస్తుందన్న ఉపమానం బైబిల్‌లో ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో ఉంది. అది కావ్యంలోని మాట కనక దాన్ని పక్షిశాస్త్రంగా చదవనక్కర్లేదు. వాట్సాప్ కథనం మాత్రం కిలోమీటర్లు, మీటర్లు లెక్క చెబుతోంది కాబట్టి దాన్ని లెక్కతోనే తూచాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: పడిపోతున్నప్పుడు భయం వల్ల రెక్కలు విచ్చుకుంటాయని, ఆ శిక్షణ లేనిదే ఎగరడం రాదని. రెక్కలు విచ్చుకోవడం ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, ఈకలకు సంబంధించినది. పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద నూగు తప్ప మరేమీ ఉండదు. రెక్క ఈకలు గొట్టాల్లాంటి తొడుగుల్లో, లోపల రక్తం పారుతూ పెరుగుతాయి. తొడుగు రాలి ఈక గట్టిపడేదాకా, 12 కిలోమీటర్ల నుంచి వదిలినా 12 అడుగుల నుంచి వదిలినా, ఆ పిల్ల పడిపోవడమే గాని ఎగరడం ఉండదు. ఈక గట్టిపడుతున్న రోజుల్లో గూట్లో సాగే సాధన చూడదగ్గది. మొదట కూర్చున్న చోటే రెక్కలు చాచి విదిలించడం, తరవాత గూటి కర్రల్ని కాళ్ళతో గట్టిగా పట్టుకొని రెక్కలు దబదబా కొట్టడం, గాలి బాగా వీచిన రోజున అడుగో రెండడుగులో పైకి లేచి మళ్ళీ అక్కడే దిగడం, ఆపైన గూడు దాటి పక్క కొమ్మకు గెంతి, తిరిగి రావడానికి జంకుతూ అరుస్తూ కూర్చోవడం. షిక్రా లాంటి చిన్న డేగకు ఇదంతా నెల రోజుల్లో ముగుస్తుంది, నల్లగద్దకు ఆరేడు వారాలు పడుతుంది, బాల్డ్ ఈగిల్‌కు పది పన్నెండు వారాలు, దక్షిణ అమెరికాలోని హార్పీ ఈగిల్‌కు ఆరు నెలలు.

తల్లి నేర్పకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఊహతో పనిలేదు, పరీక్షలే జరిగాయి. 1870లలో ఇంగ్లండులో డగ్లస్ స్పాల్డింగ్ అనే పరిశోధకుడు వానకోయిల పిల్లల్ని, ఈకలు రాకముందే, రెక్క చాచడానికి వీల్లేనంత చిన్న పెట్టెల్లో ఉంచి, ఈకలు పూర్తిగా వచ్చాక వదిలాడు. అవి ఎగిరిపోయాయి. వేటపక్షుల విషయంలో ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. డీడీటీ అనే పురుగుమందు వాడకంతో అమెరికాలో పెరెగ్రిన్ ఫాల్కన్‌లు, అంటే మనవాళ్ళు బైరి డేగ అనే జాతి, అంతరించే దశకు వచ్చినప్పుడు, కార్నెల్ విశ్వవిద్యాలయంలో టామ్ కేడ్ 1970లో మొదలుపెట్టిన పెరెగ్రిన్ ఫండ్ వాటిని పెంపకంలో పొదిగించి బయట వదిలే పని చేపట్టింది. పిల్లల్ని కొండ అంచుల మీద, ఎత్తయిన భవనాల మీద కట్టిన పెట్టెల్లో ఉంచి, మనుషులు కంటబడకుండా తిండి జారవిడిచేవారు. ఆరు వారాల వయసులో తలుపు తీసేవారు. అక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు. పిల్లలు తమంతట తాము ఎగిరాయి, వేట వచ్చేదాకా పెట్టె దగ్గరికి తిరిగి వచ్చి తిని పోయాయి, చివరికి విడిపోయి జతలు కట్టాయి. అలా వదిలినవి నాలుగు వేలకు పైగా. 1999లో ఆ జాతి పేరు అమెరికా అంతరించే ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితా నుంచి తొలగిపోయింది. స్కాట్లండ్‌లోని రమ్ దీవిలో 1975 నుంచి 1985 వరకు నార్వే నుంచి తెచ్చి వదిలిన 82 తెల్లతోక గద్ద పిల్లల కథ కూడా ఇంతే. తల్లి జారవిడవకపోతే రెక్క రాదన్న మాటే నిజమైతే, ఈ రెండు చోట్లా ఇప్పుడు ఆకాశం ఖాళీగా ఉండాలి.

గూటి నుంచి తోసేస్తుందన్నది నాలుగో మాట. దీనికి ఇప్పుడు కెమెరాలే జవాబు చెబుతున్నాయి. కాలిఫోర్నియాలో బిగ్ బేర్ లోయ అడవిలో, సుమారు 44 మీటర్ల ఎత్తున పైన్ చెట్టు మీద గూడు కట్టిన జాకీ, షాడో అనే బాల్డ్ ఈగిల్ జంటను రేయింబవళ్ళు చూపే కెమెరా ముందు లోకమంతా కూర్చుంది. అమెరికాలోని మన తెలుగు ఇళ్ళలో కూడా ఎందరో చూసే ఉంటారు. 2025 మార్చిలో మూడు పిల్లలు పుట్టాయి, మంచు తుఫానులో ఒకటి పోయింది, మిగిలిన సన్నీ, గిజ్మో జూన్‌లో గూడు విడిచాయి. ఆ మూడు నెలల్లో తల్లి గూట్లోంచి మెత్తటి గడ్డి తీసిపారేయడం గాని, ఎవరినైనా తోయడం గాని ఎవరూ చూడలేదు; గూటికి కొత్త కర్రలు, గడ్డి తెస్తూ ఉండటమే చూశారు. ఎరతో వచ్చిన తల్లో తండ్రో ఒక్కోసారి గూట్లో వాలకుండా పక్క కొమ్మ మీద వాలుతారన్నది నిజం. అది పిల్లను ఊరించడమా, ఎదిగిన పిల్లలు మీదపడి లాక్కుంటాయన్న జాగ్రత్తా అన్న దాని మీద వాదం ఉంది. ఏదైనా సరే, తోయడం మాత్రం కాదు.

లెక్క వేసి చూసినా ఆ మాట నిలవదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట రాతి అంచుల మీద, పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టిన సంగతి నమోదైంది. ఏడాదికి ఒకే ఒక గుడ్డు. పుట్టిన ఆ ఒక్క పిల్లను తల్లిదండ్రులు మూడు నాలుగు నెలలు కొండ అంచున పెంచుతాయి. ఏడాది శ్రమంతా ఒక్క పిల్ల రూపంలో ఉన్నప్పుడు దాన్ని రోజూ గాల్లోకి విసిరే అలవాటున్న జాతి కొన్ని తరాలు కూడా మిగలదు.

తల్లి కాఠిన్యం కోసమే వెతికేవారికి వేటపక్షుల గూట్లో అది వేరే చోట దొరుకుతుంది, కాకపోతే అది సందేశాలకు పనికిరాదు. జింబాబ్వేలోని మటోపో కొండల్లో వెరో ఈగిల్ అనే పెద్ద నల్లటి గద్ద గూట్లో పెద్ద పిల్ల చిన్నదాన్ని మూడు రోజుల్లో పదిహేను వందల సార్లకు పైగా పొడవడం నమోదైంది, చిన్నది చనిపోయింది. తల్లి అడ్డుపడలేదు. దాన్నుంచి పెంపకానికి హితవు తీయమని ఎవరూ అడగరు.

కథనంలో తండ్రి ఊసే లేదన్నది మరో లోపం. చాలా వేటపక్షుల్లో మొదటి వారాల్లో వేటంతా తండ్రిదే. తల్లి గూట్లో ఉండి మాంసాన్ని చిన్న ముక్కలు చేసి పెడుతుంది, చలికి కప్పుతుంది, మన ఎండల్లో గూటి మీద నిలబడి రెక్కలు సగం విప్పి పిల్లలకు నీడ పడుతుంది. సూర్యుడి వేడికి తాళలేని తమ్ముడు జటాయువు మీద రెక్కలు కప్పి తన రెక్కలు కాల్చుకున్న సంపాతి కథ మనకు ఉంది. వేటపక్షి గూటికి వాట్సాప్ కథనం కన్నా ఆ కథే చాలా దగ్గర. బ్రిటన్ ఆస్ప్రేల్లో, అంటే చేపల్ని పట్టి తినే డేగల్లో, పిల్లలు ఎగిరిన కొన్నాళ్ళకు తల్లి ముందుగా ఆఫ్రికాకు వెళ్ళిపోతుంది. తండ్రి వెనక ఉండి చేపలు తెచ్చిపెడతాడు. తరవాత ఒక్కో పిల్లా, దారి చూపేవారు లేకుండా, ఒంటరిగా ఆ ప్రయాణం చేస్తుంది.

ఎగిరిన రోజుతో పాఠం పూర్తయిందన్న చివరి మాట కూడా తప్పే. తొలి ఎగురు బాగానే సాగుతుంది, దిగడమే రాదు. కొమ్మను దాటిపోయి ఆకుల్లో తలకిందులుగా వేలాడే పిల్లలు ఎన్నో. మొదటి వారాల్లో నల్లగద్ద పిల్ల గూటి చుట్టూనే తిరుగుతూ, తల్లి కనబడితే చాలు వణుకుతున్న గొంతుతో అరుస్తూ వెంటపడుతుంది. రాలే ఆకుల్ని, గాలికెగిరే కాగితాల్ని పట్టి వదులుతుంది. తొలకరికి ఉసుళ్ళు లేచినప్పుడు గాల్లోనే కాళ్ళతో పట్టి నోటికందించుకోవడం దానికి సులువైన వేట. బైరి డేగల తల్లిదండ్రులు చచ్చిన పిట్టను గాల్లో జారవిడిస్తే పిల్ల కిందికి దూకి అందుకుంటుంది. వదిలేదేమైనా ఉంటే అది ఎరను, పిల్లను కాదు. ఈ తిండి రానురాను తగ్గుతుంది, పిల్ల దూరం పోవడం పెరుగుతుంది. అంత ఆసరా ఉన్నా చాలా జాతుల్లో సగానికి పైగా పిల్లలు మొదటి ఏడాది దాటవు. ఎగరడం రాక కాదు, వేట కుదరక, కరెంటు తీగలు తగిలి, గాలిపటాల మాంజా చుట్టుకొని.

ఈ కథనాన్ని ఖండించడానికి నాకున్న అసలు కారణం ఒకటుంది. నగరాల్లో టవర్ల మీద, రావిచెట్ల మీద గూళ్ళున్న చోట, ఎగరడం మొదలుపెట్టిన పిల్లలు మేడల మీదా పెరళ్ళలోనూ దిగిపోతుంటాయి. తల్లి విసిరేసిందని నమ్మేవారు దాన్ని పైకెక్కించి మళ్ళీ విసరాలనుకుంటారు, లేదా తల్లి వదిలేసిందని ఇంట్లో పెట్టుకొని పాలన్నం తినిపిస్తారు. రెండూ దాని ప్రాణం మీదికి వస్తాయి. పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఈకలు నిండుగా ఉండి, గాయం లేకుండా, నిటారుగా నిలబడగలిగితే కుక్కలకు, పిల్లులకు అందకుండా దగ్గరి గోడ మీదో కొమ్మ మీదో పెట్టి దూరం జరగాలి. తల్లిదండ్రులు ఆ చుట్టుపక్కలే ఉంటారు, తిండి తెచ్చి పెడతారు. మనం మరీ దగ్గర నిలబడితే నెత్తి మీద తన్నను కూడా తన్నుతారు. రెక్క వేలాడుతున్నా, నెత్తురు కనబడుతున్నా గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నీళ్ళు గాని తిండి గాని నోట్లో పోయకుండా, అటవీశాఖకు కబురు చేయాలి.