ఈమాక్స్ ప్యాకేజీలు: లోపలున్నది చాలదా?

కోడ్ రాసుకునే ఈమాక్స్ ఎడిటర్‌కి ప్యాకేజీలు (అదనపు సౌకర్యాలిచ్చే ప్రోగ్రాములు) తెచ్చిపెట్టే పని దేనికి అప్పగించాలి? ఎడిటర్‌తోనే వచ్చే ప్యాకేజ్.ఈఎల్ చాలంటాడు రమణ. విడిగా తెచ్చుకునే స్ట్రెయిట్.ఈఎల్ కావాలంటుంది అదే టీమ్‌లోని స్వాతి. నా మొగ్గు స్వాతి వైపే. అయినా నమ్మకం గురించి రమణ అడిగినదానికి ఆమె జవాబు సగమే అనిపించింది.

రమణ: ప్యాకేజ్.ఈఎల్ 2012లో ఈమాక్స్ 24తోనే వచ్చింది. 2023లో ఈమాక్స్ 29లోకి, ఏ ప్యాకేజీ ఎలా కావాలో రాసుకునే యూజ్-ప్యాకేజ్ కూడా చేరింది. కొత్త మెషీన్‌లో ఇనిట్ ఫైల్ (ఎడిటర్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైల్) పెట్టి ఎడిటర్ తెరిస్తే కావలసినవన్నీ దిగుతాయి. ఇంకేం కావాలి స్వాతీ?

స్వాతి: దిగుతాయి అన్నా, కానీ ఏవి దిగుతాయి? మనం ఎక్కువగా తెచ్చుకునేది మెల్పా అనే ప్యాకేజీల భండారం నుంచి. అది రచయిత కోడ్ దాచే రిపోలోని తాజా కమిట్‌ని, అంటే చివరగా నమోదైన మార్పు వరకు ఉన్న కోడ్‌ని, ప్యాకేజీగా కడుతుంది. వెర్షన్ నంబర్ అంటే తేదీ, సమయం, అంతే. సోమవారం నేను, గురువారం మీరు ఒకే ఇనిట్ ఫైల్‌తో ఇన్‌స్టాల్ చేస్తే మనిద్దరికీ ఒకే కోడ్ వస్తుందన్న హామీ లేదు.

రమణ: రచయితలు విడుదల అని ట్యాగ్ వేసిన వెర్షన్లకి మెల్పా స్టేబుల్ ఉందిగా.

స్వాతి: ట్యాగ్‌లు వేయని ప్యాకేజీలకి అది పనికిరాదు. స్ట్రెయిట్ ప్రతి ప్యాకేజీనీ గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) రిపోగా క్లోన్ చేస్తుంది, అంటే కాపీ తెస్తుంది. ఫ్రీజ్ కమాండ్ ఇస్తే ఏది ఏ కమిట్ దగ్గర ఉందో ఒక ఫైల్‌లో రాసిపెడుతుంది. అప్‌డేట్ తర్వాత ఏదైనా చెడితే మళ్లీ ఆ కమిట్లకే తిరిగి వెళ్లవచ్చు. రిలీజ్ రోజు పొద్దున్నే ఆటో కంప్లీషన్ ఆగిపోతే ఎంత టెన్షనో మీకు తెలుసు.

రమణ: దానికి అంత యంత్రాంగం దేనికి? ప్యాకేజీలు దిగే ఎల్పా ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టుకో. అప్‌డేట్‌కి ముందు ఒక కమిట్, చెడితే దానికే తిరిగి వెళ్తావు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. రచయిత తన రిపోనే తీసేసినా నా కాపీ నా దగ్గర ఉంటుంది. నీ ఫైల్‌లో ఉన్నది హాష్ (కమిట్ గుర్తింపు కోడ్) మాత్రమే.

స్వాతి: కొత్త మెషీన్‌లో అది ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ ప్యాకేజీలో బగ్ కనిపిస్తే ఏం చేస్తారు? ఎల్పా ఫోల్డర్‌లో దిద్దిన మార్పు తర్వాతి అప్‌డేట్‌తో పోతుంది. నేను ఆ రిపోలోనే దిద్ది, బ్రాంచ్ కట్టి, ఆ మార్పు తీసుకోమని రచయితకి పుల్ రిక్వెస్ట్ పంపుతాను. ఎడిటర్ మళ్లీ తెరిచేసరికి మారిన కోడ్‌తో స్ట్రెయిట్ తనే బిల్డ్ చేసుకుంటుంది.

రమణ: ఈమాక్స్ 29 నుంచి ప్యాకేజ్-వీసీ కూడా గిట్ నుంచే తెస్తుంది.

స్వాతి: అది ఒక్కో ప్యాకేజీకి. మొత్తం సెట్‌కి కలిపి ఏది ఏ కమిట్ దగ్గర ఉందో రాసే లాక్ ఫైల్ ఎక్కడుంది?

రమణ: సరే, నమ్మకం సంగతి చెప్పు. ఈమాక్స్ సొంత భండారం గ్నూ ఎల్పాలోని ప్యాకేజీలకి డిజిటల్ సంతకం ఉంటుంది, ప్యాకేజ్.ఈఎల్ దాన్ని సరిచూడగలదు. స్ట్రెయిట్ మొదలవడానికే నెట్ నుంచి కోడ్ తెచ్చి నడిపే ముక్క ఒకటి ఇనిట్ ఫైల్‌లో పెట్టాలి.

స్వాతి: మెల్పా ప్యాకేజీలకి సంతకాలు లేవు కదా అన్నా. నా హాష్‌లు నాకు తెలియకుండా మారవు. అప్‌డేట్‌కి ముందు గిట్ లాగ్ చదవొచ్చు.

రమణ: చదవొచ్చు. చదువుతావా?

స్వాతి: అన్నీ చదవను. గిట్ పనులకి వాడే మ్యాగిట్ లాంటివి, రోజూ పని ఆధారపడేవి చదువుతాను.

రమణ: మరి టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు? వాళ్లకి ఈమాక్సే కొత్త.

స్వాతి: వాళ్లకి ప్యాకేజ్.ఈఎల్ ఇవ్వండి. గ్నూ ఎల్పా, నాన్‌గ్నూ ఎల్పా ముందే సెట్ అయి ఉంటాయి, వాటితో మొదలుపెట్టనివ్వండి. టీమంతా పంచుకునే కాన్ఫిగ్‌కి మాత్రం లాక్ ఫైల్ లేకపోతే నేను ఒప్పుకోను.

రమణ: దానికి నా అభ్యంతరం లేదు. అప్‌డేట్ ఎవరు చేస్తారో, ఎప్పుడు చేస్తారో ముందే రాసిపెట్టాలి. రిలీజ్ వారంలో మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.