అటవీ రోడ్డు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అటవీ రోడ్డు గారికి,

అమెరికాలో సియాటెల్ పరిసరాల్లో కాపురముంటున్న ఒక తెలుగువాడు సవినయంగా రాసుకుంటున్న మనవి. మీ పేరుగానీ నంబరుగానీ ఇక్కడ బయటపెట్టడం లేదు. మీకూ ఒక పరువు ఉంటుంది. పైగా ఒలింపిక్ కొండల చుట్టూ మీలాంటివారు చాలామంది ఉన్నారు. ఎవరికి వారు ఇది తమ గురించే అనుకుంటే మరీ మంచిది.

మొన్న శనివారం మధ్యాహ్నమంతా మీ దయవల్ల మీ మీదే గడిచింది. బయలుదేరే ముందు అటవీ శాఖవారికి ఫోను చేసి అడిగితే "రోడ్డు తెరిచే ఉంది" అన్నారు. నిజమే, మీరు తెరిచే ఉన్నారు, నోరు. మొదటి గుంతలో పులిహోర డబ్బా వెనక సీటు నుంచి ముందుకొచ్చింది. రెండో గుంతలో మా ఆవిడ మౌనం దాల్చింది. తూము దగ్గరికొచ్చేసరికి మీరు సగానికి పైగా ఏట్లోకి జారిపోయి ఉన్నారు. కారు తిప్పుకునే చోటు లేదు. మా మామగారు దిగి, వెనక నడుస్తూ "రానీ, రానీ, ఆగాగు!" అంటుంటే రివర్సులోనే బయటపడ్డాం. ఆయన రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. నడుం మీద చేతులు పెట్టుకుని మిమ్మల్ని ఎగాదిగా చూసి "ఇక్కడ కూడానా?" అన్నారు. ఆ ఒక్క మాటతో అమెరికా మీద ఆయనకున్న భ్రమంతా ఆ తూములోనే కొట్టుకుపోయింది.

ఇంతవరకూ అయితే పోనీలెమ్మని ఊరుకునేవాణ్ణి. మీ సంతతిని ఇంకా పెంచాలని కొందరు పట్టుబడుతుంటేనే కలం పట్టాను.

2001 జనవరిలో ఒక నిబంధన వచ్చింది కదా, జాతీయ అడవుల్లో రోడ్లు లేని 5.85 కోట్ల ఎకరాల్లోకి మీరు కొత్తగా చొరబడకూడదని? దానికోసం అప్పట్లో ఆరు వందల సభలు పెట్టారు, జనం పదహారు లక్షల అభిప్రాయాలు పంపారు. 2025 జూన్‌లో వ్యవసాయ మంత్రి బ్రూక్ రోలిన్స్ దాన్ని ఎత్తేస్తామని ప్రకటించారు. (అడవులకూ వ్యవసాయ శాఖకూ సంబంధమేమిటని మామగారు అడిగారు. 1905 నుంచీ ఇంతేనని చెప్పాను. "అయితే ఎప్పుడో ఒకప్పుడు కోతకొస్తాయి" అన్నారు.) ఈసారి అభిప్రాయాలు చెప్పడానికి జనానికి దక్కింది మూడు వారాలు. అయినా ఆరు లక్షలకు పైగా వచ్చాయి. అత్యధికం వద్దన్నవే.

ఇక నా బాధ ఏమిటో మనవి చేస్తాను. జాతీయ అడవుల్లో మీ వంశం పొడవు ఇప్పటికే సుమారు 3,70,000 మైళ్లు. వరసగా పరిస్తే చందమామ దాకా వెళ్లి, సగం దారికి పైగా వెనక్కి రావచ్చు. అందులో ఎంత భాగం మీద కారు నడుస్తుందో మీ మనస్సాక్షినే అడగండి. మా ఒలింపిక్ కొండల్లోని మీ పెద్దలు డోసెవాలిప్స్ రోడ్డు వారిని 2002లో నది కోసేసింది. అవతల ఉన్న నేషనల్ పార్కుకు ఆ దారిన జనం నడిచి వెళ్తున్నారు. కాస్కేడ్ కొండల్లో మీ దూరపు చుట్టం సూయాటిల్ రోడ్డు వారు 2003 వరదకు మంచం పట్టి, 2014లో గానీ పూర్తిగా లేవలేదు. ఉన్నవారికి మందు లేదు, కొత్తవారికి పురుడు పోస్తారట!

మిమ్మల్ని వేసింది మాలాంటి పులిహోర జనం కోసం కాదని నాకూ తెలుసు. దుంగల లారీల కోసం వేశారు. 1990లలో నరికివేత బాగా తగ్గింది, దాంతోపాటు మీకు కంకర పోసే డబ్బూ తగ్గింది. మామగారి మాటల్లో చెప్పాలంటే, కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, తూము బాగుచేస్తే శిలాఫలకం ఎవడు వేస్తాడు?

కొత్త రోడ్లు కావాలనేవారి వాదన ఇంకొకటి: అడవి తగలబడితే ఆర్పడానికి మీరు కావాలట. ఏ అగ్నిమాపక వాహనం మీ మూడో గుంత దాటుతుందో దయచేసి సెలవివ్వండి. అసలు మనుషులు పెట్టే మంటల్లో చాలావరకు మొదలయ్యేది మీ పక్కనే. సిగరెట్టు పీకలు, ఆర్పకుండా వదిలిన నెగళ్లు, బండ్ల కింద నిప్పురవ్వలు, ఇవన్నీ నడిచొచ్చిన ఎలుగుబంట్లు తెచ్చినవి కావు. పైగా రోడ్లూ మోటారు బండ్లూ రాకుండా చట్టం కాపాడే అడవిని వైల్డర్‌నెస్ అంటారు. అలా ప్రకటించిన చోట కూడా మంటలార్పడానికి 1964 చట్టం అడ్డు చెప్పదు.

చేపల సంగతి ఎత్తితే మీకు కోపం వస్తుందేమో. మీరు జారిన ప్రతిసారీ ఆ బురదంతా ఏట్లో కంకర మీద పేరుకుంటుంది. ఆ కంకర సందుల్లోనే సాల్మన్ గుడ్లు పెడుతుంది. పూడుకుపోయిన కంకరలో నీరు ఆడదు, గుడ్లకు ప్రాణవాయువు అందదు. ఇంత చేసి నీకు సిగ్గు లేదా? కనీసం పడేటప్పుడైనా నది వైపు కాకుండా కొండ వైపు పడొచ్చు కదా?

క్షమించాలి, ఏకవచనం దొర్లింది.

మా నల్లమలలో మీ బంధువు ఒకాయన ఉన్నారు, శ్రీశైలం రోడ్డు. పెద్దపులులకు ఇబ్బందని రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర గేటు వేస్తే, తెల్లారి ఆరు దాకా గుట్టుగా పడుకుంటారు. ఆయన దగ్గర కొంత మర్యాద నేర్చుకోవచ్చు.

నిజం చెప్పాలంటే మీ మీద నాకు కొంచెం అభిమానం కూడా ఉంది. మీరే లేకపోతే హైదరాబాదు నుంచి వచ్చిన మోకాళ్ల నొప్పుల మామగారికి నాచు పట్టిన ఆ దేవదారులు ఎవరు చూపిస్తారు? ఉన్నంతవరకు ఉండండి. కాదన్నవాడెవడు?

వైల్డ్ ఒలింపిక్స్ బిల్లు కూడా కాదనలేదు. దాన్ని అమెరికా కాంగ్రెస్‌లో 2012లో మొదటిసారి పెట్టారు. ప్రతినిధుల సభ దాటినా సెనెట్ గడప దగ్గర ఆగిపోవడం దానికి అలవాటైంది. అది ముఖ్యంగా అడిగేది ఒలింపిక్ నేషనల్ పార్కును ఆనుకుని ఉన్న సుమారు 1,26,500 ఎకరాల జాతీయ అడవిని వైల్డర్‌నెస్ చేయమని. ఇప్పుడున్న రోడ్డు ఒక్కటి కూడా మూయరు. అంటే నీ గుంతలు నీకే, నీ తూము నీకే. ఎవరూ నీ జోలికి రావడం లేదు. అయినా నీ పేరు చెప్పుకుని "దారులు మూసేస్తున్నారు" అని ఊరూరా గోల చేసే పెద్దమనుషులు, మీ డోసెవాలిప్స్ పెద్దాయన 2002లో కొట్టుకుపోయినప్పుడు ఎక్కడున్నారు? తట్ట మట్టి పోశారా?

పార్కు గీత దాటగానే ఎల్క్ అనే పెద్ద దుప్పికి తాను ఏ శాఖ పరిధిలోకి వచ్చిందో తెలియదు. దానికి తెలియాల్సిన పని కూడా లేదు. నీకు తెలుసు కదా. అక్కడికి రాకు. ముందు తూము వేయించుకో.

ఇట్లు,
అయిదు డాలర్ల పాసు కొని, నీ దగ్గర ఆగడానికైనా చోటు దొరకని
ఒక పన్ను చెల్లింపుదారు